నల్ల ట్రంకు పెట్టెలోని కాగితాలు: మాజీ సైనికుడు పోయాక ఆ ఇంటికి ఎవరు తోడు?

మిలటరీలో చేసి వచ్చినవాళ్ల ఇళ్లలో ఒక నల్ల ట్రంకు పెట్టె కనిపిస్తుంది. మూత మీద తెల్ల పెయింటుతో నంబరు, ర్యాంకు, పేరు రాసి ఉంటాయి. ఆయన ఉన్నన్నాళ్లూ దాన్ని తెరవాల్సిన పని ఇంట్లో ఇంకెవరికీ పడదు. పెద్దకర్మ అయిపోయి చుట్టాలంతా వెళ్లిపోయాక ఆయన భార్య దాని ముందు కూర్చుంటుంది. లోపల డిశ్చార్జ్ బుక్, పీపీఓ (పెన్షన్ మంజూరు పత్రం), క్యాంటీన్ కార్డు, వైద్యం కోసం ఇచ్చే ఈసీహెచ్‌ఎస్ కార్డు, పతకాలు, జవానుగా ఉన్నప్పటి ఫొటోలు ఉంటాయి. ఇందులో ఏ కాగితం దేనికో, ముందు ఎవరికి చూపించాలో ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు.

2025లో ఈ కుటుంబాల గురించి రెండు వార్తలు వచ్చాయి. జులై 26న, కార్గిల్ విజయ్ దివస్ నాడు, జాతీయ న్యాయ సేవల సంస్థ (నల్సా) సైనిక కుటుంబాలకు ఉచిత న్యాయ సహాయం కోసం 'వీర్ పరివార్ సహాయతా యోజన' మొదలుపెట్టింది. నవంబరు 1 నుంచి, మాజీ సైనికుల సంక్షేమం చూసే కేంద్రీయ సైనిక్ బోర్డు ఇచ్చే సాయం రెట్టింపైంది. నెలకు 4,000 రూపాయలుగా ఉన్న పెన్యూరీ గ్రాంటు 8,000 అయింది. రెండూ మంచి వార్తలే. కానీ 'మాజీ సైనికుల భార్యలకు నెలకు 8 వేలు' అని ఒక్క ముక్కలో చెప్పేసరికి ఎవరికి వస్తుంది, ఎవరికి రాదు అనే గందరగోళం మొదలవుతుంది. దాన్ని విడదీయాలంటే ముందు కొన్ని మాటల అర్థం తెలియాలి.

## ఎవరు మాజీ సైనికుడు, ఎవరు వీర నారి

ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్‌లలో పనిచేసి, నిబంధనల ప్రకారం బయటికి వచ్చినవారిని ఎక్స్-సర్వీస్‌మన్ అంటారు. సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్ లాంటి బలగాలు హోం శాఖ కిందివి. వాళ్లదీ అంతే కష్టమైన ఉద్యోగం. కానీ సైనిక్ బోర్డు పథకాలు వాళ్లకు వర్తించవు, వాళ్లకు వేరే సంక్షేమ వ్యవస్థ ఉంది. ఊళ్లో అందరినీ 'మిలటరీ ఆయన' అనే పిలుస్తాం కాబట్టి చాలా కుటుంబాలు తమది కాని ఆఫీసుకు వెళ్లి వెనక్కి వస్తాయి.

యుద్ధంలోనో ఆపరేషన్‌లోనో భర్తను పోగొట్టుకున్న స్త్రీని సైన్యం వీర నారి అంటుంది. ఆమె పేరు రెజిమెంటుకు తెలుసు, సైన్యం ఆమెతో సంబంధం నిలుపుకుంటుంది. ఈ వ్యాసం ఎక్కువగా మాట్లాడేది ఆమె గురించి కాదు. పదిహేనేళ్లో ఇరవయ్యేళ్లో సర్వీసు చేసి, ఇంటికొచ్చి, డెబ్బై ఏళ్ల వయసులో మంచంలో కన్నుమూసిన మనిషి భార్య గురించి. సంఖ్యలో వీళ్లే చాలా ఎక్కువ. వీళ్ల ఇంటికి జిల్లా కలెక్టరు రారు, టీవీ కెమెరాలు రావు.

అగ్నివీర్‌ల విషయం మళ్లీ వేరు. నాలుగేళ్ల సర్వీసులో చనిపోతే కుటుంబానికి 48 లక్షల బీమా ఉంటుంది, విధి నిర్వహణ కారణంగా పోతే దానిపైన పరిహారం ఉంటుంది. కానీ ఫ్యామిలీ పెన్షన్ ఉండదు. నాలుగేళ్లు పూర్తి చేసి బయటికొచ్చినవారికి ఎక్స్-సర్వీస్‌మన్ హోదా కూడా లేదు.

## పెన్షన్ లెక్క ఒక ఉదాహరణతో

హవల్దారుగా రిటైరైన ఒకాయన ఉన్నారనుకుందాం. ఊరు నరసరావుపేట దగ్గర, పనిచేసింది ఆర్టిలరీలో, అంటే ఫిరంగి దళంలో. లెక్క సులువుగా ఉండటానికి ఆయన చివరి జీతాన్ని 40,000 అనుకుందాం. అందులో సగం, అంటే 20,000 పెన్షన్. ఓఆర్‌ఓపీ (ఒకే ర్యాంకు, ఒకే పెన్షన్) సవరణల వల్ల అసలు అంకెలు పట్టికలను బట్టి మారతాయి, వాటిపైన డీఏ కలుస్తుంది. ఇక్కడ చూస్తున్నది పద్ధతి మాత్రమే.

ఆయన 74వ ఏట పోతే భార్యకు మామూలు ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. అది చివరి జీతంలో 30 శాతం, అంటే 12,000. ఈ లెక్క ఎంత తక్కువగా తేలినా కనీసం 9,000కు తగ్గకూడదు.

64వ ఏట పోతే లెక్క మారుతుంది. పెన్షనరు చనిపోయాక ఏడేళ్ల పాటు, లేదా ఆయన బతికుంటే 67 ఏళ్లు నిండే రోజు వరకు, వీటిలో ఏది ముందైతే అప్పటిదాకా పెంచిన రేటు ఇస్తారు. అది జీతంలో సగం, ఆయన తీసుకుంటున్న పెన్షన్‌ను మించకూడదు. అంటే ఆమెకు మూడేళ్లు 20,000, తర్వాత 12,000. ఇది ముందుగా చెప్పేవాళ్లు లేక, మూడేళ్ల తర్వాత డబ్బు తగ్గిన నెలలో ఇంట్లో గొడవ మొదలవుతుంది. బ్యాంకు పొరపాటనో, కొడుకు తీసుకున్నాడనో అనుకుంటారు.

సర్వీసు కారణంగా వచ్చిన మరణానికి స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్ 60 శాతం. యుద్ధం, ఉగ్రవాద వ్యతిరేక ఆపరేషన్ లాంటి వాటిలో ప్రాణం పోతే లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్, మొత్తం జీతం. మన ఉదాహరణలో అవి 24,000, 40,000 అవుతాయి. పక్క ఊరి వీర నారికి వచ్చే మొత్తంతో పోల్చుకుని తనకు అన్యాయం జరిగిందనుకునే పెద్దావిడకు ఈ తేడా ఓపిగ్గా వివరించాలి.

ఇక ఆ 8,000 సంగతి. పెన్యూరీ గ్రాంటు పెన్షన్ లేనివాళ్లకోసం. జవాన్లకు పెన్షన్ రావాలంటే మామూలుగా 15 ఏళ్ల సర్వీసు ఉండాలి. అంతకంటే ముందే బయటికొచ్చి, పెన్షన్ లేకుండా మిగిలిపోయినవారు, వాళ్ల భార్యలు, హవల్దార్ ర్యాంకు వరకు, 65 ఏళ్లు దాటి, వేరే ఆదాయం లేకపోతే దీనికి అర్హులు. 12,000 ఫ్యామిలీ పెన్షన్ తీసుకుంటున్నామెకు ఇది రాదు. పిల్లల చదువుకు ఇచ్చే గ్రాంటు నెలకు 2,000కు, కూతురి పెళ్లికి ఇచ్చేది లక్షకు పెరిగాయి. వాటి షరతులు వేరు.

ఎవరూ అడగక వదిలేసే హక్కు ఇంకొకటి ఉంది. మన దగ్గర చాలామంది సైన్యం నుంచి వచ్చాక ప్రభుత్వ శాఖల్లో రెండో ఉద్యోగం చేస్తారు. ఒకప్పుడు అలాంటి వ్యక్తి భార్య రెండు ఫ్యామిలీ పెన్షన్లలో ఒక్కటే ఎంచుకోవాలి. 2012 సెప్టెంబరు 24 నుంచి రెండూ తీసుకోవచ్చు. రెండో ఉద్యోగం పెన్షన్ వస్తోంది కదా అని మిలటరీ కాగితాలు పెట్టెలోనే ఉంచేసిన ఇళ్లు ఉంటాయి. ఆ పెట్టె తెరిచి చూడగల మనిషి వస్తేనే అది బయటపడుతుంది.

## మరణం చెప్పకపోతే ఏమవుతుంది

పెన్షన్ ఆయన పోయిన రోజు వరకే. మరుసటి రోజు నుంచి ఆమెది మొదలవుతుంది. రక్షణ శాఖ పెన్షన్లు ఇప్పుడు స్పర్శ్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో నడుస్తున్నాయి. మరణ ధ్రువపత్రం, ఆమె ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా వివరాలతో అందులో మరణాన్ని నమోదు చేయాలి. అది జరిగేదాకా పాత పెన్షన్ పాత ఖాతాలో పడుతూనే ఉంటుంది.

74 ఏళ్ల హవల్దారు జూన్ చివరిలో పోయారనుకోండి. ఏటీఎం కార్డు ఇంట్లోనే ఉంది, పిన్ మనవడికి తెలుసు. జులై నుంచి నవంబరు దాకా అయిదు నెలలు లక్ష రూపాయలు తీసి ఖర్చుపెట్టారు. ఆమెకు న్యాయంగా రావాల్సింది 60,000. మిగతా 40,000 తర్వాత ఆమె ఫ్యామిలీ పెన్షన్‌లోంచి కోత పడుతుంది. ఆమె మోసం చేయలేదు, చెప్పాలని తెలియలేదు. పోయిన వారంలోనే ఎవరైనా వచ్చి 'అమ్మా, ఆ కార్డు పక్కన పెట్టండి' అని ఉంటే ఈ కోత ఉండేది కాదు. స్వచ్ఛంద సాయం అనగానే మనం దానాలు, దుప్పట్లు, సన్మానాలు ఊహించుకుంటాం. అసలు సాయం చాలాసార్లు ఇలాంటి ఒక్క మాట.

## పేరు దగ్గర ఆగిపోయే ఫైళ్లు

భార్య పేరు, పుట్టిన తేదీ పీపీఓలో సరిగ్గా ఉంటే పని త్వరగా అవుతుంది. లేకపోతే ఫైలు అక్కడే ఆగుతుంది. తెలుగువాళ్లకు ఇది ప్రత్యేకమైన తలనొప్పి.

మన ఉదాహరణలోని ఆమె పేరు వెంకట సుబ్బమ్మ. పెళ్లయిన కొత్తలో భర్త యూనిట్‌లో రాయించినప్పుడు క్లర్కు 'సుబ్బమ్మ' అని రాశాడు, ఇంగ్లిషులో ఒక 'బి' వదిలేశాడు. ఆధార్‌లో ఇంటిపేరు ముందు పొడి అక్షరంగా ఉంది. బ్యాంకులో ఇంటిపేరు పూర్తిగా ఉంది. ఫారంలో మొదటి పేరు, చివరి పేరు అని రెండు గడులున్నాయి. మన ఇంటిపేరు ముందొస్తుంది కాబట్టి ఒకచోట అటూ ఇంకోచోట ఇటూ పడింది. కంప్యూటరు లెక్కలో వీళ్లు నలుగురు వేర్వేరు ఆడవాళ్లు.

దీన్ని సరిచేయించాలంటే అఫిడవిట్, గుర్తింపు పత్రాలు, జిల్లా సైనిక సంక్షేమ అధికారి సంతకంతో, సైనికుల సర్వీసు వివరాలు ఉంచే రికార్డ్స్ ఆఫీసుకు పంపాలి. వాళ్లు పరిశీలించాక సవరించిన పీపీఓ వస్తుంది. ఆ రికార్డ్స్ ఆఫీసు ఎక్కడుందన్నది ఆయన ఏ రెజిమెంటులో చేశారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈఎంఈ (యంత్రాల మరమ్మతు విభాగం), ఆర్డ్‌నెన్స్ (ఆయుధాలు, సామగ్రి సరఫరా విభాగం) వాళ్లకైతే సికింద్రాబాద్‌. మద్రాస్ రెజిమెంటు వాళ్లకు నీలగిరి కొండల్లో వెల్లింగ్టన్. ఆర్టిలరీ వాళ్లకు నాసిక్. ఎయిర్‌ఫోర్స్‌కు ఢిల్లీ. పెన్షన్ మంజూరు చేసే పెద్ద ఆఫీసు ప్రయాగ్‌రాజ్‌లో. సుబ్బమ్మ ఊరి నుంచి ఇవన్నీ ఎంత దూరమో చెప్పక్కర్లేదు.

పుట్టిన తేదీ లేకపోతే నష్టం ఇంకా ఆలస్యంగా తెలుస్తుంది. ఫ్యామిలీ పెన్షన్ తీసుకునే ఆమెకు 80 ఏళ్లు నిండితే 20 శాతం అదనం, 85కు 30, 90కి 40 శాతం. సుబ్బమ్మ 12,000 మీద 80 ఏళ్లకు 2,400 పెరగాలి. రికార్డులో తేదీ ఖాళీగా ఉంటే ఆమెకు ఎనభై ఏళ్లొచ్చాయని వ్యవస్థకు ఎలా తెలుస్తుంది?

## తోడు వచ్చేవాళ్లు ఎవరు

మొదటివాళ్లు ఊళ్లోని మాజీ సైనికులే. తాడేపల్లిగూడెం దగ్గర, మిలటరీ మాధవరంగా పేరున్న మాధవరం లాంటి ఊళ్లో తరతరాలుగా సైన్యానికి వెళ్తున్నారు. అలాంటి చోట పక్కింట్లోనే ఎవరో ఒక సుబేదారు గారు ఉంటారు, ఏ కాగితం ఎక్కడికి పోవాలో ఆయనకు తెలుసు. మండలం మొత్తానికి ఒక్కడే సైన్యంలోకి వెళ్లిన ఊళ్లో ఆ ఒక్కడు పోతే అడగడానికి మనిషి ఉండడు. స్వచ్ఛంద సాయంలో అతి పెద్ద అసమానత ఇదేనని నాకనిపిస్తుంది. అవసరం ఎక్కువున్న చోటే మనుషులు తక్కువ.

మాజీ సైనికుల సంఘాలు మండల, జిల్లా స్థాయిల్లో ఉన్నాయి. కొన్ని చురుగ్గా పనిచేస్తాయి, కొన్ని జెండా పండగలకే కనిపిస్తాయి. 1966లో మొదలైన ఆర్మీ భార్యల సంక్షేమ సంఘం, ఆవా, కంటోన్మెంట్లున్న చోట బలంగా ఉంటుంది. సికింద్రాబాద్‌కు దగ్గర్లో ఉన్నామెకు అది అందినంతగా అచ్చంపేటలో ఉన్నామెకు అందదు.

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ప్రభుత్వ వ్యవస్థ. తెలంగాణలో దాన్ని రీజినల్ సైనిక సంక్షేమ కార్యాలయం అంటారు. అక్కడివాళ్లు స్వచ్ఛంద కార్యకర్తలు కారు, ఉద్యోగులు. కానీ గ్రాంట్లకు దారి అదే. జిల్లాలు పెరిగినంతగా ఈ ఆఫీసులు పెరగలేదు, ఒక్కోటి రెండు మూడు జిల్లాలు చూస్తుంది.

2023లో సైన్యం 'నమన్' పేరుతో స్పర్శ్ సేవా కేంద్రాలు తెరిచింది. మొదటి విడత 14 ఊళ్లలో సికింద్రాబాద్, గుంటూరు ఉన్నాయి. వీటిని నడిపే బాధ్యత మాజీ సైనికులకో, సైనిక కుటుంబాల వారికో ఇస్తారు. నల్సా పథకంలో సైనిక్ బోర్డు ఆఫీసుల్లో న్యాయ సహాయ కేంద్రాలు పెట్టి, లాయర్లతో పాటు పారా లీగల్ వాలంటీర్లను, అంటే న్యాయ విషయాల్లో సాయపడేందుకు శిక్షణ పొందిన కార్యకర్తలను కూర్చోబెట్టాలన్నది ఆలోచన.

ఒకటి మాత్రం స్పష్టంగా ఉండాలి. పై వాళ్లలో స్వచ్ఛందంగా వచ్చే ఎవరికీ పెన్షన్ మంజూరు చేసే అధికారం లేదు. 'నేను చేయిస్తాను' అనే మాట వినడానికి ధైర్యంగా ఉంటుంది. నిజానికి వాళ్లు చేయగలిగింది కాగితం చదవడం, తప్పు కనిపెట్టడం, సరైన చోటికి పంపడం, జవాబు వచ్చేదాకా వెంటపడటం. తక్కువ పనేం కాదు ఇది.

## ఓటీపీ ఎవరి చేతిలో ఉండాలి

ఇక్కడి నుంచి అభిప్రాయాలు విడిపోతాయి.

స్పర్శ్‌ను సమర్థించేవారి వాదన ఇది. పెన్షనరుకూ ఖజానాకూ మధ్య ఎవరూ ఉండకూడదు. ఎవరి లాగిన్ వాళ్లది, ఎవరి డబ్బు వాళ్ల ఖాతాలోకి. పాత రోజుల్లో బ్యాంకు ఒక లెక్క, ప్రయాగ్‌రాజ్ ఒక లెక్క చెప్పేవి. ఇప్పుడు ఒకే చోట అన్నీ కనిపిస్తాయి. ఈ మాటలో నిజముంది.

రెండో వైపు వాదనలోనూ నిజముంది. బటన్ ఫోన్ వాడే డెబ్బై ఏళ్ల పెద్దావిడ లాగిన్ అవ్వలేదు. ఆమె పాస్‌వర్డ్ పక్కింటి కుర్రాడి దగ్గరో, నెట్ సెంటర్‌లోనో, సంఘం నాయకుడి డైరీలోనో ఉంటుంది. మధ్యవర్తి వద్దనుకుని కట్టిన వ్యవస్థలోకి మధ్యవర్తి ఇంకో తలుపులోంచి వచ్చాడు. మంచివాడైతే దేవుడిలాంటివాడు. కాకపోతే ఖాతా నంబరు మార్చగలడు.

అందుకే కొన్ని సంఘాల్లో ఒక కట్టుబాటు పెట్టుకుంటారు. ఫోన్ ఆమె చేతిలోనే ఉండాలి, ఓటీపీ ఆమె లేదా ఇంట్లోవాళ్లే చదవాలి, కార్యకర్త కీబోర్డు మాత్రమే నొక్కాలి. దీనివల్ల పని నెమ్మదిస్తుంది, మళ్లీ మళ్లీ ఇంటికి వెళ్లాలి. ఒక్కడే పది ఊళ్లు తిరిగే రిటైర్డ్ నాయక్‌కు ఈ నియమం బరువే. అయినా ఆ బరువు మోయడమే మేలు.

డబ్బు తీసుకోవచ్చా అన్నది ఇంకో వాదం. పెట్రోలు, జెరాక్సులు, నోటరీ ఖర్చు ఎవరు పెడతారు, ఉచితమంటే నాలుగు నెలల్లో అలసిపోతారు, చిన్న రుసుము ఉంటేనే పని నిలబడుతుంది అంటారు కొందరు. ఒక్క రూపాయి మొదలైతే అది బకాయిల్లో శాతంగా మారుతుంది, అప్పుడు బ్రోకరుకూ మనకూ తేడా ఏముంటుంది అంటారు ఇంకొందరు. అమెరికాలో ఈ ప్రశ్నను చట్టంతో తేల్చారు. మాజీ సైనికుల క్లెయిములు తయారుచేసేవారికి ప్రభుత్వ గుర్తింపు ఉండాలి, గుర్తింపు పొందిన మాజీ సైనికుల సంస్థల ప్రతినిధులు ఉచితంగా చేస్తారు. బ్రిటన్‌లో 1885 నుంచి ఉన్న సాఫా అనే సంస్థ, శిక్షణ పొందిన వాలంటీర్లను ఇళ్లకు పంపి, అవసరాలు రాసుకుని సాయం అందేలా చూస్తుంది. మన దగ్గర మంచి మనుషులున్నారు. వాళ్లను గుర్తించే, నేర్పే, తప్పు చేస్తే ఆపే పద్ధతి మాత్రం లేదు. గుర్తింపు కార్డులు వస్తే మోసం తగ్గుతుందని ఒక వర్గం అంటుంది. ఆ కార్డు కోసమే రాజకీయం మొదలై, నిశ్శబ్దంగా పనిచేసేవాళ్లు పక్కకు తప్పుకుంటారని ఇంకో వర్గం భయం. రెండూ జరగొచ్చు.

## కార్యకర్త ఆగాల్సిన చోటు

కొన్ని ఇళ్లలో ట్రంకు పెట్టె తెరిస్తే ఇంకో కుటుంబం బయటపడుతుంది. మొదటి భార్యకు విడాకులివ్వకుండా రెండో పెళ్లి చేసుకున్న మనిషి పోతే, హిందూ వివాహ చట్టం ప్రకారం రెండో పెళ్లి చెల్లదు, ఆమెకు ఫ్యామిలీ పెన్షన్ హక్కు ఉండదు. ఆమెకు పుట్టిన పిల్లలకు మాత్రం హక్కు ఉంటుంది. ఇరవయ్యేళ్లు ఆయనకు సేవ చేసింది రెండో ఆమే అయినా చట్టం అలాగే చూస్తుంది. ఇలాంటి చోట సంఘం పెద్దలు పంచాయితీ పెట్టి 'సగం సగం తీసుకోండి' అనడం ఉదారంగా కనిపిస్తుంది. కానీ ఆ ఒప్పందం ఏ ఆఫీసులోనూ చెల్లదు, తర్వాత ఇద్దరికీ పెన్షన్ ఆగిపోవచ్చు. ఆ ఫైలు న్యాయ సహాయ కేంద్రానికి వెళ్లాలి.

ఇంకో హద్దు చెప్పుకోవడం కష్టం, కానీ ఉంది. వచ్చేవాళ్లు దాదాపు అందరూ రిటైరైన మగవాళ్లు. కొడుకు పెన్షన్ లాక్కుంటున్నాడని, మళ్లీ పెళ్లి చేసుకోవాలనుందని, రాత్రిళ్లు నిద్రపట్టడం లేదని ఒక స్త్రీ వాళ్ల ముందు చెప్పలేదు. పెన్షన్ లెక్కలు తేలిన నెలలోనూ ఆమె కూర్చునే గది ఖాళీగానే ఉంటుంది. భర్త పోయి, తన పని తానే పూర్తి చేసుకున్న ఇంకొకామె వస్తే మాట వేరుగా సాగుతుంది. ఆ దారి నడిచినవాళ్లే తర్వాత వచ్చేవాళ్ల చేయి పట్టుకోవడం మన సంఘాల్లో ఇంకా బాగా తక్కువ.

పేర్ల తేడాలు కనిపెట్టడానికి మాత్రం ఎవరూ చనిపోయేదాకా ఆగక్కర్లేదు. పెన్షనర్లు ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆ రోజు ఆయన ఎలాగూ స్పర్శ్ ముందు కూర్చుంటారు. పక్కన భార్య కూడా ఉండి, ఆమె ఆధార్ బల్ల మీద పెట్టి, తెరమీద ఆమె పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం సరిచూస్తే పది నిమిషాల పని. అప్పుడు దొరికిన తప్పుకు సంతకం పెట్టాల్సిన మనిషి ఎదురుగానే ఉంటాడు.